వరండాలో తీర్పు

పెద్ద ఆసుపత్రులలో రెండు రకాల తీర్పులు జరుగుతూ వుంటాయి. ఒక రకం లోపల జరుగుతుంది. ఏ మందు ఇవ్వాలి, ఎక్కడ కొయ్యాలి, ఏ యంత్రం తగిలించాలి అన్నది. దానికి చదువుకున్నవారున్నారు, పుస్తకాలున్నాయి, పరీక్షలున్నాయి. రెండవ రకం బయట వరండాలో జరుగుతుంది. తెల్లవారుజామున మూడు గంటలవేళ, స్టీలు కుర్చీలలో కునికిపాట్లు పడుతున్న బంధువులను నర్సు వచ్చి లేపి, "డాక్టరు గారు పిలుస్తున్నారు" అంటుంది. డాక్టరు గారు తలుపు దగ్గర నిలబడే చెబుతారు: "చెయ్యగలిగినదంతా చేశాము. వెంటిలేటరు మీద పెట్టమంటారా, వద్దంటారా? త్వరగా చెప్పండి." పెద్ద కొడుకు రెండవవాడి ముఖం చూస్తాడు. రెండవవాడు బావగారి ముఖం చూస్తాడు. బావగారు సెల్‌ఫోను చూసుకుంటారు. అయిదు నిమిషాలలో ఒక మనిషి సంగతి తేలిపోతుంది.

ఈ రెండవ తీర్పుకు ఎవరూ ఎక్కడా చదువుకోలేదు. బంధువుల మాట అల్లా వుంచండి, డాక్టర్ల సంగతీ చాలాకాలం అంతంతమాత్రమే. గుండె ఎల్లా కొట్టుకుంటుందో ఏళ్ళ తరబడి నేర్పిన కాలేజీలు, అది ఆగిపోబోతున్నదని ఆ ఇంటివాళ్ళకు ఎల్లా చెప్పాలో నేర్పలేదు. 2019లో వైద్యవిద్యకు కొత్త పాఠ్యప్రణాళిక వచ్చినప్పుడు గాని ధర్మసందేహాలూ, రోగితో మాట్లాడే తీరూ పాఠాలుగా చేరలేదు. అంటే ఇవాళ వార్డులలో పెద్దవారుగా వున్న డాక్టర్లు ఈ విద్యను తమ పెద్దలను చూసి నేర్చుకున్నారే గాని, కూర్చోబెట్టి చెప్పినవారు లేరు.

ఇక వరండాలో నిలబడినవారి అవస్థ. వద్దంటే "డబ్బుకు చూసుకుని తండ్రిని వదిలేశారు" అంటుంది లోకం. పెట్టమంటే పొలం అమ్మవలసి రావచ్చు. 2007లో మొదలయిన ఆరోగ్యశ్రీ వంటి పథకాలు ఎన్నో ప్రాణాలు కాపాడాయి గాని, వాటికీ ఒక హద్దంటూ వున్నది. మన వైపు చాలామంది "పెట్టండి" అనే అంటారు. అది ఆలోచించి అన్నమాట కాదు, ఆలోచించే వ్యవధి లేక అన్నమాట. అసలు చిక్కు ఏ పదవ రోజునో వస్తుంది. మనిషి లేవడు, యంత్రం ఆగదు. మొదటే పెట్టకపోవడం వేరు, పెట్టినది తియ్యడం వేరు అనిపిస్తుంది మనసుకు. ఎవరు చెప్పాలి తియ్యమని?

ఇల్లాంటి చోట సహాయం ఎవరినడగాలి? ఈ ప్రశ్న లోకానికి కొత్తది కాదు. అయితే ఒక కమిటీ వేసి జవాబు వెతికిన తొలి ప్రయత్నాలలో పేరు పడ్డది అమెరికాలో సియాటిల్ నగరంలో జరిగినది.

1960 దాకా మూత్రపిండాలు రెండూ పూర్తిగా చెడిపోతే ఇంక ఆశ వుండేది కాదు. రక్తాన్ని శుద్ధిచేసే యంత్రం అప్పటికే వున్నది. కాని దానికి తగిలించిన ప్రతిసారీ రక్తనాళాన్ని కొత్తగా కోసి గొట్టం దూర్చవలసి వచ్చేది. కొన్నిసార్లయ్యేసరికి కొయ్యడానికి నాళాలు మిగిలేవి కావు. ఆ యేడు బెల్డింగ్ స్క్రిబ్‌నర్ అనే డాక్టరు టెఫ్లాన్‌తో చిన్న గొట్టం తయారుచేసి రోగి చేతికి అమర్చి అల్లాగే వుంచేశాడు. మొదట దానిని అమర్చుకున్న యంత్రకార్మికుడు మరి పదకొండేళ్ళు బ్రతికాడు. 1962లో అక్కడ ఒక డయాలిసిస్ కేంద్రం తెరిచారు. మంచాలు కొద్ది, రోగులు కొల్లలు.

ఎవరిని తీసుకోవాలి, ఎవరిని పొమ్మనాలి? ఆ బరువు తాము మొయ్యలేమని డాక్టర్లు ఊరివాళ్ళలోనుంచి ఏడుగురిని కూర్చోబెట్టారు. ఒక మతాచార్యుడు, ఒక న్యాయవాది, ఒక గృహిణి, ఒక బ్యాంకరు, ఒక కార్మిక నాయకుడు, ఒక ప్రభుత్వోద్యోగి, ఒక సర్జను. మన పెద్దమనుషుల పంచాయతీ వంటిదే, కాకపోతే వీరి పేర్లు గుట్టుగా వుంచారు. 45 యేళ్ళు దాటినవారినీ, పిల్లలనూ ముందే తీసివేశారు. మిగిలినవారి వయసు, సంసారం, పిల్లల సంఖ్య, ఆస్తి, చదువు, చేసే పని, చర్చికి పోయే అలవాటు, ఇవన్నీ వీరు బేరీజు వేశారు. ఆ నవంబరులోనే 'లైఫ్' పత్రిక ఈ సంగతి బయటపెట్టేసరికి దేశం వులిక్కిపడినది. పదిమందికి నచ్చిన గృహస్థు బ్రతకాలి, ఒంటరివాడూ తిక్కవాడూ పోవాలి అన్నట్లు తయారయింది వ్యవహారం. జనం దానికి 'దేవుడి కమిటీ' అని పేరు పెట్టారు. డయాలిసిస్ ఖర్చు ప్రభుత్వమే భరించేటట్లు 1972లో శాసనం వచ్చిన తరువాత ఆ ఎంపికల అవసరం తీరిపోయినది.

నేనైతే ఆ ఏడుగురినీ తిట్టలేను. జీతం లేని పని, నిద్రపట్టని పని. వారు కూర్చోవడంలో తప్పు లేదు, అడిగిన ప్రశ్నలో వున్నది తప్పు. "ఈ మనిషి ఖరీదెంత?" అని అడిగారు వారు. "ఈ మనిషికి ఏం కావాలి?" అని అడగలేదు. తరువాత వచ్చినవారు ఆ రెండవ ప్రశ్నకు మళ్ళడానికి మరి కొన్నేళ్ళు పట్టింది.

దానికి కారణమయినది కారెన్ క్విన్లన్ అనే అమ్మాయి. 1975లో, ఇరవయ్యొకటో యేట, స్పృహ తప్పి పడిపోయి మరి లేవలేదు. శ్వాస యంత్రం మీద నెలలు గడిచాయి. యంత్రం తియ్యమని తల్లిదండ్రులు వేడుకున్నారు, తియ్యమన్నారు డాక్టర్లు. (తెలుగులో ఈ 'తియ్యమ'న్న మాట చూడండి. అదే మాట "తియ్యండి" అనీ అవుతుంది, "మేము తియ్యము" అనీ అవుతుంది. ఆ ఆసుపత్రిలో రెండర్థాలూ ఎదురెదురుగా నిలబడ్డాయి.) సంగతి కోర్టుకెక్కినది. 1976 మార్చిలో న్యూజెర్సీ సుప్రీంకోర్టు తల్లిదండ్రుల పక్షాన చెప్పినది. చెబుతూ ఒక మాట అన్నది: ఇల్లాంటివి ప్రతిదానికీ కోర్టుకు రానక్కరలేదు, ఆసుపత్రిలోనే ఒక ఎథిక్స్ కమిటీ వుండి డాక్టర్లకూ కుటుంబానికీ తోడు నిలిస్తే చాలునని. ఒక పిల్లల డాక్టరు రాసిన వ్యాసం నుంచి ఎత్తుకున్న ఆలోచన అది. యంత్రం తీసిన తరువాత ఆ అమ్మాయి, అందరి అంచనాలకూ విరుద్ధంగా, సొంత వూపిరితోనే 1985 దాకా వున్నది. యంత్రం తియ్యడమంటే ప్రాణం తియ్యడం కాదని అంతకంటె స్పష్టంగా చెప్పగలిగినవారు లేరు.

అక్కడినుంచి ఆ ఆచారం పాకినది. ఇప్పుడక్కడ పెద్ద ఆసుపత్రులలో ఇందుకు శిక్షణ పొందిన మనుషులుంటారు. డాక్టరే పిలవనక్కరలేదు. నర్సు పిలవవచ్చు, కూతురు పిలవవచ్చు, రోగే పిలవవచ్చు. వారు తీర్పు చెప్పరు, సలహా చెబుతారు. అంతకంటె ముఖ్యంగా, అందరినీ ఒకచోట కూర్చోబెడతారు, నిలబెట్టి మాట్లాడరు. కుర్చీలు వెయ్యడం కూడా ఒక వైద్యమేనని వారి పద్ధతి చూస్తే తోస్తుంది.

ఏమడుగుతారు? 1982లో జాన్సెన్, సీగ్లర్, విన్‌స్లేడ్ అనే ముగ్గురు ఒక పుస్తకంలో చెప్పిన వరస చాలామంది వాడుతున్నారు. కాగితం మీద అడ్డంగా ఒక గీత, నిలువుగా ఒక గీత, నాలుగు గదులు. మన పరిభాషలోకి దించి ఒక సంసారం మీద పెట్టి చూద్దాము.

తెనాలి వైపు ఒక రిటైరయిన హెడ్‌మాస్టరు గారు వున్నారనుకుందాము. 78 యేళ్ళు. ఊపిరితిత్తులు బాగా చెడిపోయాయి. రెండుసార్లు వెంటిలేటరు మీదికి పోయి వచ్చారు. మూడవసారి ఆయాసం వచ్చినది. భార్య, దగ్గరే వుండి అన్నీ చూసుకునే కూతురు, ఊళ్ళో ఒక కొడుకు, డల్లాస్‌లో ఒక కొడుకు. మొదటి గదిలో వైద్యం సంగతి: జబ్బు ఏమిటి, యంత్రం పెడితే ఏమవుతుంది, మళ్ళీ తీసే అవకాశం ఎంత. ఇక్కడ డాక్టరు మాటకు ఎదురు లేదు. కాని ఈ గది ఒక్కటే నింపి లేచిపోతేనే చిక్కు. రెండవ గదిలో మాస్టారి ఇష్టం. కిందటిసారి ఇంటికి వచ్చినప్పుడు ఆయన కూతురితో, "ఆ గొట్టం మళ్ళీ వద్దమ్మా" అన్నారు. ఆ మాట ఆ అమ్మాయి ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు గనుక. మూడవ గదిలో, బ్రతికితే ఆ బ్రతుకు ఎల్లా వుంటుంది, దానిని ఆయన బ్రతుకనుకుంటారా అన్నది. పేపరు చదివి నలుగురితో వాదించకపోతే తోచని మనిషికి, మాట లేకుండా మంచం మీద పడివుండడం ఏ పాటి? మరొకరికి మనుమరాలిని కళ్ళతో చూస్తూ వుంటే అదే చాలునేమో. ఈ గది ఒకరికోసం మరొకరు నింపేది కాదు. నాలుగవ గదిలో మిగిలినదంతా: డబ్బు, చట్టం, మతం, అన్నదమ్ముల మధ్య పాత తగాదాలు, ఆసుపత్రిలో మంచాల కొరత.

డల్లాస్ అబ్బాయి ఫోనులో, "ఎంతయినా సరే, అంతా చెయ్యండి" అంటాడు. ఇది మనకే ప్రత్యేకం కాదు లెండి. దూరాన వుండి, ఇన్నాళ్ళూ చూసుకోలేకపోయిన బాధ చొప్పున గట్టిగా పట్టుబట్టే బంధువుకు అమెరికా డాక్టర్లు 'కాలిఫోర్నియా కూతురు' అని పేరు పెట్టుకున్నారు. 1991లో ఒక వైద్య పత్రికలో ఆ పేరుతో వ్యాసమే వచ్చినది. ఆ అబ్బాయిది దురుద్దేశం కాదు. తండ్రిని ఆఖరుసారి చూసినప్పటి రూపమే అతని కళ్ళలో వున్నది. చెల్లెలు విన్న ఆ ఒక్కమాట అతనికి తెలిస్తే సగం తగాదా తీరుతుంది. నలుగురినీ కూర్చోబెట్టి అడిగితేనే ఆ మాట బయటికి వస్తుంది. పద్ధతి చేసే మేలు అదే.

మరొక వుపాయం వున్నది, తెలిసి వుండటం మంచిది. "పెట్టాలా, వద్దా" అని తెగక కొట్టుకుంటున్నప్పుడు, "మూడు రోజులు పెట్టి చూద్దాము. ఫలానా గుర్తులు కనబడితే కొనసాగిద్దాము, కనబడకపోతే మళ్ళీ కూర్చుందాము" అని ముందుగానే గడువు పెట్టుకోవచ్చు. రోజులెన్ని అన్నది జబ్బును బట్టి డాక్టరు చెబుతారు. అప్పుడు పదవ రోజు చిక్కు మొదటి రోజునే సగం విడిపోతుంది. తియ్యడమన్నది అప్పటికప్పుడు చేసిన పని కాక, ముందనుకున్న మాట అవుతుంది.

మన ఇళ్ళలో రెండవ గది మాత్రం తరచు ఖాళీగా వుంటుంది. రోగిని అడగరు. అడగడం మాట దేవుడెరుగు, ఆయనకు జబ్బేమిటో చెప్పనే చెప్పరు. "డాక్టరుగారూ, క్యాన్సరని నాన్నకు తెలియనివ్వకండి, తట్టుకోలేరు" అంటాడు కొడుకు తలుపు బయట. కొడుకు మందులకోసం వెళ్ళగానే తండ్రి డాక్టరును దగ్గరికి పిలిచి, "నాకంతా తెలుసు లెండి, మావాళ్ళతో మాత్రం అనకండి, బెంగపెట్టుకుంటారు" అంటాడు. ఇద్దరూ ఒకరికోసం ఒకరు నాటకమాడుతూ, చెప్పుకోవలసిన మాటలు చెప్పుకోకుండానే విడిపోతారు. ఇది ప్రేమ కాదనను. కాని జబ్బు ఎవరిదో నిర్ణయంలో మొదటి వాటా వారిది. తెలియనివాడు ఏం నిర్ణయిస్తాడు?

ఈ దాపరికానికి మన పూర్వులు దన్నుగా నిలుస్తారని కొందరంటారు. చరకసంహితలో, రోగికి ఆయువు తీరినదని తెలిసినా, చెబితే అతనికి గాని పక్కవారికి గాని అఘాతమయ్యే చోట చెప్పవద్దని శిష్యుడికి బోధ వున్న మాట నిజమే. చెబితే అఘాతమయ్యే చోట అన్న షరతు మరిచి, ఎక్కడా చెప్పవద్దన్నట్లు చదువుకున్నాము మనము. అదే గ్రంథంలో విమానస్థానంలో మరొక ముచ్చట వున్నది. వైద్యుడు తోటి వైద్యులతో కలిసి చర్చించాలని చెబుతూ, చర్చ రెండు విధాలన్నాడు: స్నేహంగా చేసేది సంధాయ సంభాష, గెలవడానికి చేసేది విగృహ్య సంభాష. మన వరండాలలో జరిగేది తరచు రెండవదే. అసాధ్యమని తేలిన రోగానికి చికిత్స పట్టే వైద్యుడు ధనమూ, విద్యా, యశస్సూ పోగొట్టుకుంటాడనీ హెచ్చరించాడాయన. ఇప్పటి కొన్ని ఆసుపత్రులలో ఆ మూడింటిలో మొదటిది మాత్రం రోగివైపు నుంచి పోతున్నది.

మన దేశంలో చట్టం ఈ దారికి రావడానికి చాలాకాలం పట్టింది. 2004 డిసెంబరులో హైదరాబాదులో, కండరాలు క్రమంగా చచ్చుపడే జబ్బుతో వున్న ఒక యువ చదరంగ క్రీడాకారుడు, తన అవయవాలు పాడుకాకముందే మరొకరికి వుపయోగపడాలని కోరాడు. తల్లి ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు వెళ్ళినది. 1994 నాటి అవయవ మార్పిడి చట్టం అందుకు ఒప్పుకోదు గనుక కోర్టు కాదన్నది. కొద్ది వ్యవధిలోనే అతను పోయాడు. 2022లో వచ్చిన 'సలామ్ వెంకీ' హిందీ చిత్రానికి మూలం ఆ కథే. అక్కడ ఆ తల్లి అడిగినది చట్టం ఇవ్వగలిగినదానికి మించినదే కావచ్చు. నాకు బాధ కలిగించేది అది కాదు. అంత పెద్ద ప్రశ్నకు ఆమెకు కనబడిన తలుపు కోర్టు తలుపు ఒక్కటే.

బొంబాయి కేఈఎం ఆసుపత్రి నర్సు అరుణా శాన్‌బాగ్ సంగతి అందరికీ తెలిసినదే. 1973 నవంబరులో దుర్మార్గానికి బలై, మెదడు దెబ్బతిని, 2015 మేలో పోయేదాకా అదే ఆసుపత్రిలో మంచం మీద వున్నది. ఆమె తరఫున ఒక రచయిత్రి వేసిన పిటిషన్‌ను 2011 మార్చిలో సుప్రీంకోర్టు తోసివేసినది. ఆమెకు అసలైన ఆప్తులు ఇన్నేళ్ళుగా తినిపించి, కడిగి, సాకిన కేఈఎం నర్సులూ డాక్టర్లేననీ, వారు వద్దంటున్నారనీ చెప్పినది. ఎవరు దగ్గరివారు అన్న ప్రశ్నకు రక్తసంబంధంతో కాక సేవతో జవాబు చెప్పిన ఆ భాగం నాకు తీర్పంతటిలోనూ గొప్పదిగా తోస్తుంది. అదే తీర్పు, తగిన సందర్భంలో హైకోర్టు అనుమతితో ప్రాణాధార యంత్రాన్ని తియ్యవచ్చునని మొదటిసారి ఒప్పుకున్నది.

2018 మార్చి 9న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం మరి ముందుకు పోయి, గౌరవంగా మరణించడం జీవించే హక్కులో భాగమన్నది. కోలుకునే ఆశ లేనప్పుడు నాకు ఫలానా చికిత్సలు వద్దని మనిషి ముందుగానే రాసిపెట్టుకోవచ్చునన్నది. దానిని లివింగ్ విల్ అంటున్నారు. అయితే ఆ కాగితం మీద మేజిస్ట్రేటు సంతకం కావాలని, కలెక్టరు బోర్డు వెయ్యాలని పెట్టిన నిబంధనలు చూసి జనం దగ్గరికి పోలేదు. 2023 జనవరిలో వాటిని సడలించారు. ఇప్పుడు ఇద్దరు సాక్షుల ఎదుట రాసి, నోటరీ చేత గాని గెజిటెడ్ అధికారి చేత గాని ధ్రువీకరింపజేస్తే సరిపోతుంది. తాను మాట చెప్పలేని స్థితిలో తన తరఫున నిర్ణయించేవారిని ఒకరికంటె ఎక్కువమందిని పేర్కొనవచ్చు. సమయం వచ్చినప్పుడు ఆసుపత్రిలో చికిత్స చేస్తున్న డాక్టరూ, మరిద్దరు నిపుణులూ కలిసి చూస్తారు. తరువాత ఇంకొక ముగ్గురి బోర్డు చూస్తుంది. ఆ ముగ్గురిలో ఒకరు జిల్లా ముఖ్య వైద్యాధికారి నియమించినవారు. ఒక్కొక్క బోర్డు వీలయినంతవరకు 48 గంటలలోగా తేల్చాలి. యంత్రం తీసేముందు మేజిస్ట్రేటుకు తెలియజేస్తారు. కాగితం రాసి పెట్టుకోనివారి విషయంలోనూ, దగ్గరి బంధువుల సమ్మతితో, ఇదే దారి. 2025 జనవరిలో కర్ణాటక ప్రభుత్వం దీనిని అమలు జరపమని ఆసుపత్రులకు వుత్తర్వు ఇచ్చినది.

పత్రికలు వీటన్నిటినీ కలిపి 'కారుణ్య మరణం' అంటున్నాయి. ఆ మాట నాకు నచ్చదు. ఇంజెక్షను ఇచ్చి చంపడమూ, ఫలితం లేని యంత్రాన్ని ఆపడమూ రెండూ దానిలో ఇమిడిపోయి పాఠకుణ్ణి తికమక పెడతాయి. మొదటిది మన దేశంలో నేరం. మన భాషలోనే అంతకంటె నికార్సయిన మాటలున్నాయి. ప్రాణం తియ్యడం వేరు, ప్రాణం పోనివ్వడం వేరు. ఒకటి చేసే పని, ఒకటి అడ్డు తొలగే పని. కోర్టులు ఏళ్ళ తరబడి మథనపడి తేల్చిన భేదం మన ఇంట్లో ముసలమ్మల నోట వున్నది.

చట్టమింత వున్నా, రోజూ జరిగేది వేరు. డబ్బు అయిపోతుంది, ఆశ అయిపోతుంది. డాక్టరు గారే మెల్లగా, "ఇంటికి తీసుకుపోవడం మంచిదేమో చూడండి" అంటారు. అప్పుడొక కాగితం ముందుకు వస్తుంది: "వైద్యుల సలహాకు విరుద్ధంగా, మా ఇష్టం మీద తీసుకుపోతున్నాము" అని. సలహా చెప్పినది వారే, విరుద్ధంగా పోతున్నామని సంతకం పెట్టేది వీరు! కోర్టు భయం డాక్టరు చేత ఆ కాగితం రాయిస్తుంది, గతిలేనితనం బంధువు చేత సంతకం చేయిస్తుంది. అంబులెన్సులో ఒకరు చేత్తో గాలితిత్తి నొక్కుతూ వుండగా మనిషి ఊరికి పోతాడు. ఇంటి దగ్గర నొప్పికి మందు లేదు, ఆయాసానికి ఉపాయం లేదు, ఏం చెయ్యాలో చెప్పే మనిషి లేడు. ఆ కొడుకు మాత్రం తాను సంతకం చేసిన వాక్యాన్ని చాలాకాలం మోస్తాడు.

ఇక్కడ నాకు భీష్ముడు గుర్తుకు వస్తాడు. ఆయనది స్వచ్ఛంద మరణమని అందరూ చెప్పుకుంటారు గాని, అంపశయ్య దగ్గర జరిగిన చిన్న సంగతులు ఎక్కువగా చెప్పుకోరు. దుర్యోధనుడు బాణాలు పీకడంలో ఆరితేరిన శస్త్రవైద్యులను సరంజామాతో సహా తీసుకువచ్చాడు. భీష్ముడు వారికి సత్కారం చేసి పంపివెయ్యమన్నాడు. చికిత్స వద్దన్నాడు. అయితే తల వాలిపోతున్నది, తలగడ కావాలన్నాడు. రాజులు మెత్తని తలగడలు తెచ్చారు. అవి కాదన్నాడు. అర్జునుడు తాతగారి మనసు తెలుసుకుని బాణాలతోనే తలకు ఆనిక చేశాడు. దాహమన్నాడు. అర్జునుడే భూమిలోకి బాణం కొట్టి నీరు తెప్పించాడు. చికిత్స వద్దన్నవాడు సేవ వద్దనలేదు. అల్లా ఆ శయ్య మీద 58 రాత్రులు వున్నాడు, ధర్మరాజు అడిగినవాటికల్లా జవాబులు చెప్పాడు.

ఆ తలగడ, ఆ నీళ్ళు ఇచ్చే వైద్యాన్ని ఇప్పుడు పాలియేటివ్ కేర్ అంటున్నారు. నొప్పి, ఆయాసం, నిద్రలేమి, భయం, వీటిని తగ్గించడమే దాని పని. జబ్బు ముదిరిన తరువాతనే కాదు, మొదటినుంచీ చికిత్సతోపాటు కూడా ఇవ్వవచ్చు. 1993లో కోజికోడ్‌లో ఒక చిన్న సంఘంగా మొదలయి, కేరళ అంతటా ఇరుగుపొరుగువారే చేసే సేవగా పెరిగినది. హైదరాబాదులో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో ఇందుకు ప్రత్యేక విభాగం వున్నది. మార్ఫిన్ దొరకడానికి అడ్డుగా వున్న మాదకద్రవ్యాల చట్టాన్ని 2014లో సవరించారు. అయినా ఆ మందు పేరు చెబితే అదిరిపడే మందుల షాపులు ఇంకా వున్నాయి. "ఇంక చేసేదేమీ లేదు" అన్న వాక్యం విన్నప్పుడు ఆ వాక్యం అంతటితో పూర్తి కాలేదని బంధువులకు తెలియాలి. పాలియేటివ్ డాక్టరును చూపించమని అడగవచ్చు. ఇంటికి తీసుకుపోయేటప్పుడు, నొప్పికి ఏం వాడాలి, రాత్రిపూట ఎవరికి ఫోను చెయ్యాలి అని రాయించుకోవచ్చు.

ఒక సంగతి చెప్పాలి. మన పెద్ద ఆసుపత్రుల గోడల మీద 'ఎథిక్స్ కమిటీ' అని బోర్డు కనబడుతుంది. చాలాచోట్ల అది కొత్త మందుల పరీక్షలను తనిఖీ చేసే కమిటీ, వరండాలో నిలబడినవారికోసం కాదు. మంచం పక్క సందేహాలకు కమిటీ వున్న ఆసుపత్రులు మన దేశంలో కొద్ది. లేనిచోట కూడా అడగవలసినవి అడగవచ్చు. "డాక్టరుగారూ, నిలబడి కాదు, ఒక పావుగంట కూర్చుని మాట్లాడాలి, నర్సమ్మగారిని కూడా రమ్మనండి" అనవచ్చు. ఇంటివైపు నుంచి మాట్లాడేందుకు ఒకరిని ఎంచుకుని, పరదేశంలో వున్నవారిని అదే సమయానికి ఫోనులోకి తీసుకోవచ్చు. "అంతా బాగా జరిగితే ఆయన ఎల్లా వుంటారు? మామూలుగా జరిగితే ఎల్లా వుంటారు?" అని రెండూ అడగవచ్చు. "మీ నాన్నగారయితే ఏం చేసేవారు?" అని డాక్టరును అడుగుతారు చాలామంది. అడగవచ్చు గాని, ఆయన తండ్రి వేరు, మీ తండ్రి వేరు. అంతకంటె "మా నాన్న ఇల్లాంటి మనిషి, ఇవి ఆయనకు ముఖ్యం, దానిని బట్టి మీరేమంటారు" అని అడిగితే జవాబు పనికివస్తుంది. నచ్చకపోతే మరొక డాక్టరు అభిప్రాయం అడిగే హక్కు ఎల్లాగూ వున్నది.

మాస్టారి వంటి పెద్దలు ఒంట్లో బాగున్నప్పుడే, సంక్రాంతికి పిల్లలంతా వచ్చిన రోజున, భోజనాలయ్యాక ఈ మాట ఎత్తితే మంచిది. "అవేం మాటలు నాన్నా, శుభమా అని పండుగపూట" అంటారు పిల్లలు. అననివ్వండి. అన్న తరువాత వింటారు. కాగితం రాసుకుంటే నోటరీ అయిన ప్రతి ఒకటి ఇంటి డాక్టరుకు, ఒకటి ఆసుపత్రికి వెంటవచ్చే మనిషికి ఇవ్వాలి. పొలం దస్తావేజులతోపాటు బీరువాలో పెట్టి తాళంచెవి మొలకు కట్టుకుంటే, అది పన్నెండో రోజున దస్తావేజులతోపాటే బయటపడుతుంది.